ఈ ఏడాది మంచు కోసం

షికాగో పక్కన ఉండేవాళ్ళు మంచు చూడడానికి ప్రయాణం కట్టారంటే ఎవరైనా నవ్వుతారు. మేం చెప్పినప్పుడూ నవ్వారు. నేపర్‌విల్‌లో మంచు పిలవకుండానే వస్తుంది, వచ్చాక మార్చి దాకా కదలదు, పోయేటప్పుడు మన నడుము పట్టుకుపోతుంది. కానీ 2012 చలికాలంలో డిసెంబర్ సగం దాటినా మా వీధిలో చెప్పుకోదగ్గ మంచు పడలేదు. మావారు మూర్తి సంతోషానికి పట్టపగ్గాలు లేవు. గరాజ్‌లో మూలకి ఆనించిన పారను చూసి రోజూ ఒకసారి నవ్వుకుని మరీ ఆసుపత్రికి వెళ్ళేవారు.

పక్కింటి ఫాంగ్ గారికి మాత్రం నిద్ర పట్టేది కాదు.

మా వీధి: నేరం బయటపడింది

ఫాంగ్ గారు రిటైరైన లైబ్రేరియన్. డెబ్బైకి దగ్గర పడ్డారు. నాన్‌జింగ్‌లో చదువుకున్నారు, భర్త పోయాక ఒక్కరే ఉంటున్నారు. హైవే మీద డ్రైవ్ చేయరు, మిగతావన్నీ చేస్తారు. మేం మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే అయినా ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఆవిడకి ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది. అందరూ ఆనాటి కాలేజీవాళ్ళే. కొందరు చైనాలో, కొందరు అమెరికాలో, ఒకాయన నార్వేలో. ఎక్కడ మంచు పడితే అక్కడివాళ్ళు ఫోటో పెట్టాలి. దాని కింద పాతకాలపు పద్యాల్లోంచి ఆ దృశ్యానికి అతికే పాదం ఒకటి రాయాలి. వాళ్ళ పూర్వకవులకి మంచంటే అంత మోజట. మంచు మొదలైతే చాలు, ఒకాయన స్నేహితుడి ఇంటికి బయల్దేరతాడు, ఇంకొకాయన సారా వెచ్చబెట్టుకుంటాడు, మరొకాయన చలిలో పూసిన ప్లమ్ కొమ్మ కింద పని మానుకుని నిలబడతాడు. ఆ పాదాలన్నీ ఈ ముసలివాళ్ళకి నోటికి వచ్చు. అతకని పాదం పెడితే అందరూ మీదపడి పీకుతారు.

మన తెలుగువాళ్ళం మాత్రం మంచు ఫోటోలు పెట్టమా? పెడతాం. డ్రైవ్‌వేలో కోటు విప్పేసి, పట్టుచీరలో వణుకుతూ నవ్వుతాం. కింద విజయవాడ నుంచి పిన్ని, "స్వెట్టర్ వేసుకోవే, జలుబు చేస్తుంది" అని రాస్తుంది. అక్కడితో సాహిత్యం ముగుస్తుంది.

ఫాంగ్ గారి గ్రూపులో ఇంకో నియమం ఉంది. ఫోటో ఆ రోజుదే అయి ఉండాలి. ఆ డిసెంబర్‌లో మంచు కోసం చూసి చూసి ఆవిడ ఓపిక పట్టలేకపోయారు. నిరుటి ఫోటో ఒకటి తీసి "ఇవాళ పొద్దున, మా వీధి" అని పెట్టేశారు. గంట తిరక్కుండా కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి తావ్ అనే ఆవిడ జవాబిచ్చింది.

"బాగుంది. కానీ పక్కింటి వాకిట్లో మెరూన్ కారు ఉందేమిటి? అక్టోబర్‌లో నువ్వు పెట్టిన రాలుటాకుల ఫోటోలో అక్కడ నీలం కారు ఉందిగా?"

ఆ మెరూన్ కారు మాది. వేసవిలో అమ్మేశాం.

తావ్ ఎవరో కాదు. నాన్‌జింగ్ హాస్టల్లో ఫాంగ్ గారితో ఒకే గదిలో ఉన్న మనిషి. ఏటా తొలి మంచు నాడు ఇద్దరూ ఊరి పాత కోటగోడ ఎక్కి పోటాపోటీగా పద్యాలు చదివేవారట. తర్వాత ఇద్దరూ అమెరికాలోనే స్థిరపడ్డారు గానీ ఇక్కడ ఒక్కసారీ కలుసుకోలేదు, ఫోన్ కూడా చేసుకోలేదు. "ఫోన్ చేస్తే మందుల గురించీ పిల్లల గురించీ మాట్లాడాలి. పద్యం పెడితే ఆ గొడవ లేదు" అనేవారు ఫాంగ్ గారు. అలాంటి స్నేహితురాలే అందరి ముందూ పట్టించేసింది. గ్రూపులో నవ్వులే నవ్వులు. ఫాంగ్ గారు రోషంతో ఒక మాట అనేశారు: డిసెంబర్ ఇరవై ఒకటిన వచ్చే వాళ్ళ పొద్దు తిరిగే పండగ లోపల కొత్త మంచు పెడతాను, లేదంటే ఈ గ్రూపులో ఉండను.

పండగకి వారం కూడా లేదు. ఆ సాయంత్రం టీలో ఉడికించిన కోడిగుడ్లు గిన్నెలో పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు.

"సుజాతా, మీ కారు వల్లే నేను దొరికిపోయాను."

"అయితే ఏం చేయమంటారు?"

"మీ కొత్త కారు నన్ను మంచు దగ్గరికి తీసుకెళ్ళాలి."

ఈ న్యాయం ఏ కోర్టులో నిలుస్తుందో నాకు తెలియదు గానీ మా వంటింట్లో నిలిచింది. మావారే అడ్డం తిరిగారు. "సుజాతా, నీకేమైనా పిచ్చా? మంచు రాలేదని నేను రోజూ దణ్ణం పెట్టుకుంటుంటే, గ్యాస్ కొట్టించుకుని మరీ వెతుక్కుంటూ వెళ్దామంటావా? వెదర్ చూశావా? నార్త్‌లో స్టార్మ్ వార్నింగ్ ఉంది!"

తెలుగు రాకపోయినా ఫాంగ్ గారికి విషయం అర్థమైంది. తల పంకించి మెల్లగా అన్నారు. "పర్వాలేదు డాక్టర్. మంచులో డ్రైవింగ్ అందరికీ రాదు."

రాత్రి భోజనం ముగిసేలోగా మావారు టైర్లలో గాలి చూసుకుని మోటెల్ కూడా బుక్ చేశారు.

విస్కాన్సిన్: కిచకిచలాడే చీజ్

ఉత్తరానికి, మిషిగన్ రాష్ట్రంలో సుపీరియర్ సరస్సులోకి చొచ్చుకుపోయిన కొన దాకా వెళ్ళాలని అనుకున్నాం. అక్కడ మంచు మనుషుల్ని మించి పడుతుందని ప్రతీతి. మొదటి రోజంతా విస్కాన్సిన్‌లో గడిచింది. వాన. మొక్కజొన్న కోసేసిన పొలాలు, బురద, మళ్ళీ వాన. వెనక సీట్లో ఫాంగ్ గారు ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, అలిగిన పెళ్ళికొడుకుని చూసినట్టు ఆకాశాన్ని చూస్తున్నారు.

మావారు మత్తు డాక్టరు. మనుషుల్ని నిద్రపుచ్చడం ఆయన వృత్తి, ఆ పని మాటలతో కూడా చేయగలరు. మంచులో బ్రేక్ ఎలా వేయాలో మిల్వాకీ దాటేదాకా వివరించారు. నేను సగం నిద్రలో ఉండగా ఫాంగ్ గారు ఆట మొదలుపెట్టారు.

పూర్వం వాళ్ళ కవులు కూడినప్పుడు ఒక షరతు పెట్టుకునేవారట. మంచు మీద పద్యం చెప్పాలి, కానీ తెలుపు అనకూడదు. వెండి, ఉప్పు, ముత్యం, పక్షి ఈక, పూలు, ఏవీ రాకూడదు. అందరూ వాడి వాడి అరగదీసిన మాటలు కదా.

నాకు నిద్ర ఎగిరిపోయింది. "అది మా నిషిద్ధాక్షరి!" అన్నాను. మా అవధానంలో ఎదురుగా ఒకరు కూర్చుని ఈ అక్షరం వాడకు, ఆ అక్షరం వాడకు అని అడ్డుపడుతూ ఉంటారనీ, అవధాని తప్పించుకుంటూ పద్యం నడిపిస్తాడనీ చెప్పాను. ఆవిడ కళ్ళు మెరిశాయి.

"అయితే మీవాళ్ళు మంచు మీద గొప్పగా చెప్పి ఉంటారే!"

"మాకు మంచెక్కడిది? గడ్డి మీద పొద్దుటి తడీ మంచే, రోడ్డు మీద కమ్మే పొగా మంచే, ఫ్రిజ్ గోడకి పేరుకునేదీ మంచే, హిమాలయాల మీదదీ మంచే. అన్నిటికీ ఒకటే మాట."

"మరి ఏది ఏదో ఎలా తెలుస్తుంది?"

"తెలుసుకోవాల్సిన అవసరం పడలేదండీ."

ఆవిడ కాసేపు నన్ను జాలిగా చూశారు. ఆట మాత్రం ఆపలేదు. నిషేధించిన మాట నోట జారితే శిక్ష ఉంది. ఉప్పులో ఊరవేసి ఎండబెట్టిన ప్లమ్ పండు ఒకటి తినాలి. చూడడానికి రేగువడియంలా ఉంటుంది, నోట్లో వేసుకుంటే చెవులు కూడా ముడుచుకుపోతాయి. నేను రెండు తిన్నాను. మావారు అప్పటికి ఒక్కటీ తినలేదు. ఎలాగంటే, "ఇడ్లీ బ్యాన్ లిస్టులో ఉందా?" అని ముందే అడిగి ఉంచుకున్నారు.

"ఇడ్లీ ఏ పద్యంలోనూ లేదు. వాడుకోవచ్చు" అన్నారు ఫాంగ్ గారు.

"అయితే రాసుకోండి. ఊరి మీద ఇడ్లీ పాత్ర మూత తీసినట్టుంది."

ఆవిడ చాలాసేపు ఆలోచించి, "ఆవిరి కూడా వచ్చింది. బాగుంది" అని తీర్పు ఇచ్చారు. ఆ గర్వం మావారికి ఊరు దాటేదాకా దిగలేదు.

మధ్యాహ్నం దారి పక్క దుకాణంలో అప్పుడే తీసిన చీజ్ ముక్కలు కొన్నాం. నమిలితే పళ్ళ మధ్య కిచకిచమని చప్పుడు చేస్తాయి. అలా చప్పుడు చేస్తేనే తాజావని లెక్క. మా పులిహోరతో కలిపి తిన్నాం. ఈ జోడీ గురించి ఇంతకన్నా చెప్పను, ఇంట్లో ప్రయత్నించకండి. పొద్దు వాలాక ఒక చిన్న ఊరి హోటల్లో భోజనానికి కూర్చుంటే, వడ్డించే అమ్మాయి ఆప్యాయంగా అడిగింది.

"నార్త్‌కి వెళ్తున్నారా? స్కీయింగా, స్నోమొబైలా?"

"పోయెట్రీ" అన్నారు ఫాంగ్ గారు.

ఆ అమ్మాయి పెన్ను కాగితం మీద ఆనించి ఒక్క క్షణం ఆగింది. "ఓకే. మరి చేపతో ఫ్రైస్ కావాలా, బేక్డ్ పొటాటోనా?"

రాష్ట్రం దాటాక: నాలుగో ప్లమ్ పండు

మర్నాడు మిషిగన్‌లో అడుగుపెట్టేసరికి వాన బరువెక్కి, నెమ్మదించి, మెత్తబడింది. "ఆపండి, ఆపండి!" అని ఫాంగ్ గారు అద్దం దించేశారు. మంచు! ఆవిడ చెయ్యి బయటపెట్టి పట్టుకున్నారు. నాకూ ఎందుకో ఒళ్ళు పులకరించింది. పాతికేళ్ళుగా నా కళ్ళెదుటే పడుతున్నదాన్ని మొదటిసారి ఎదురెళ్ళి చూస్తున్నాను.

భోజనానికి ఆగినచోట పాస్టీ అని అమ్ముతున్నారు. ఒకప్పుడు గనుల్లో పనికి దిగేవాళ్ళు వెంట తీసుకెళ్ళేవారట. ఆకారం అచ్చం మన కజ్జికాయ, సైజు మాత్రం చెప్పంత. లోపల బంగాళాదుంప, ఉల్లి, ఇంకేదో దుంప కూరి ఉన్నాయి. నాకు మాంసం లేనిది దొరికింది. ఆరు డాలర్లకి పూట గడిచిపోతుంది. కౌంటర్ దగ్గర పెద్దాయన కెచప్ వేసుకోవాలా, గ్రేవీ పోసుకోవాలా అన్న దాని మీద తన తమ్ముడితో మాటల్లేవని చెప్పారు. మావారు నా హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఆవకాయ పొట్లం తీశారు. పెద్దాయన దాని వాసన చూసి, తమ్ముడితో రాజీపడడమే మేలన్నట్టు మొహం పెట్టారు.

తర్వాత గంటలో మంచు ముదిరింది. చెట్లు పోయాయి, బోర్డులు పోయాయి, రోడ్డుకీ పొలానికీ తేడా పోయింది. మావారు వివరించడం మానేశారు. నాకు అప్పుడే భయం వేసింది.

"ఏమండీ, స్లో చేయండి."

"సుజాతా, నేను కంట్రోల్‌లోనే ఉన్నాను. కాకపోతే అంతా తెల్లగా ఉంది, రోడ్డు ఎక్కడుందో…"

కారు మెత్తగా, ఏ చప్పుడూ లేకుండా, పక్క గోతిలోకి జారి ఒరిగి ఆగిపోయింది.

ఎవరికీ ఏమీ కాలేదు. అప్పుడు వెనక సీట్లోంచి ఒక చెయ్యి వచ్చింది. అరచేతిలో ఎండు ప్లమ్ పండు.

"తెల్లగా అన్నారా, డాక్టర్? 'తెలుపు' అన్నట్టే వినిపించింది." ఆ మాట ఆవిడ పొద్దున్నే నా దగ్గర నేర్చుకున్నారు.

మావారు తీసుకుని నోట్లో వేసుకున్నారు. నేను రెండు తిన్నాను, ఫాంగ్ గారు పొద్దున తన ఆటలో తానే తప్పి ఒకటి తిన్నారు. ఇది నాలుగోది. పాతికేళ్ళ మంచు డ్రైవింగ్ అనుభవం చప్పరించినంతసేపు ఆయన కళ్ళెంట నీళ్ళు కారాయి.

అరగంట గడిచాక, ముందువైపు మంచు తోసే పలక బిగించిన ఒక ట్రక్కు వచ్చి ఆగింది. అందులోంచి పొడవాటి పెద్దావిడ దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని మమ్మల్ని చూసింది.

"హోలీ వా! మీరు రోడ్డు వదిలేసి ఎక్కడికి బయల్దేరారు?"

గొలుసు కట్టి లాగి మా కారుని పైకి తెచ్చింది. ఎక్కడికని అడిగితే మోటెల్ పేరు చెప్పాం. ఆవిడ పగలబడి నవ్వింది. "అది నాదే! డాక్టర్ మూర్తి మీరేనా? డాక్టరని రాస్తే ఎవరికో బాగా లేక వస్తున్నారనుకున్నా."

ఐలా మోటెల్: సాక్ష్యం

ఆవిడ పేరు ఐలా. వాళ్ళ తాతలు ఫిన్లాండ్ నుంచి వచ్చారట. ఎనిమిది గదులున్న ఆ మోటెల్‌ని ఒక్కతే నడుపుతుంది. గదులు వెచ్చగా ఉన్నాయి. కిటికీలోంచి కనపడే సరస్సు ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు. మేం వచ్చిన పని అయిపోయినట్టే అనుకున్నాను. ఫాంగ్ గారు దారి పొడవునా తీసిన ఫోటోలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఒక్కొక్కటే చూసి పక్కన పెడుతున్నారు.

"ఇది క్యాలెండర్. ఇదీ క్యాలెండర్. ఇది బ్యాంకువాళ్ళ క్యాలెండర్."

"అంత బాగున్నాయి కదండీ?"

"బాగున్నాయి. కానీ ఇవి ఈ ఏడాదివని తావ్ ఎందుకు నమ్మాలి? ఒకసారి అబద్ధం ఆడినదాన్ని."

మావారికి అప్పటికి ప్లమ్ పండు ప్రభావం తగ్గింది. "ఇవాళ్టి న్యూస్‌పేపర్ పట్టుకుని మంచులో నిలబడండి. కిడ్నాప్ చేసినవాళ్ళు అలాగే పెడతారు" అన్నారు.

నేను కళ్ళెర్రజేశాను గానీ ఫాంగ్ గారు ఆ సలహాని తీసిపారేయలేదు. ఆలోచిస్తూ కూర్చున్నారు. ఇంతలో ఐలా తలుపు తట్టింది.

"సౌనా రెడీ. ముందు ఆడవాళ్ళు. డాక్టర్ తర్వాత."

సౌనా అంటే పెరట్లో చిన్న చెక్క గది. పొయ్యి మీద రాళ్ళు కాల్చి నీళ్ళు చిలకరిస్తారు. ఐలా తువ్వాలు చుట్టుకుని వచ్చింది, ఫాంగ్ గారు పాత ఈత దుస్తుల్లో వచ్చారు. నేను నైటీలో వెళ్ళాను. ఐలా నన్ను పైనుంచి కిందికి చూసి, ఏ దేశపు ఆచారమో అని గౌరవంగా ఊరుకుంది.

ఆ వేడి గురించి బెజవాడ మే నెల తెలిసినవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. తేడా అల్లా మనం దాన్నుంచి పారిపోతాం, వీళ్ళు కట్టెలు కొట్టుకుని తయారు చేసుకుంటారు. చెమటలు ధారలు కట్టాక ఐలా లేచింది. "ఇప్పుడు అసలు పని" అని తలుపు తీసి, మంచులో పడి అటూ ఇటూ దొర్లి, ఎర్రగా నవ్వుతూ లేచి వచ్చింది.

నేను బల్లని గట్టిగా పట్టుకున్నాను. ఫాంగ్ గారు మాత్రం గుమ్మంలో నిలబడి ఐలా దొర్లిన గుంటని చూస్తున్నారు.

"సుజాతా, నా ఫోన్ తీసుకో."

"వద్దండీ! మీ వయసేమిటి, మీ బీపీ ఏమిటి?"

"మీ ఆయన డాక్టరే కదా" అని, రెండు చేతులూ చాపి, వెనక్కి తిరగకుండా అలాగే బోర్లా పడ్డారు. ఒక్క పొర్లు పొర్లారు. నాన్‌జింగ్ భాషలో ఏదో గట్టిగా అరిచారు. అది పద్యం కాదని నాకు భాష రాకపోయినా తెలిసింది. లేచి నిలబడితే ఒంటి నుంచి పొగలు లేస్తున్నాయి. పక్కన మంచులో ఆవిడంత గుంట. జుట్టు నిండా, కనుబొమల నిండా మంచు. ఫోటో తీశాను. వణుకుతున్నది ఆవిడ కాదు, నేనే.

కోటు కప్పుకుని మోటెల్ లోపల పొయ్యి పక్కన కూర్చున్నాక ఆవిడ ఆ ఫోటో పెట్టారు. కింద రాయడానికి పాత పాదం ఒక్కటీ దొరకలేదు. వెయ్యేళ్ళలో ఎవరూ ఈ పని చేసినట్టు లేదు. చివరికి సొంతంగా ఒక లైను రాశారు.

"పాత కవులెవరూ ఇందులో దొర్లలేదు. నేను దొర్లాను."

చైనాలో ఇంకా తెల్లవారలేదు, అయినా అక్కడ ముసలివాళ్ళందరూ లేచే ఉన్నారు. ఫోన్ ఆగకుండా మోగింది. నియమం ప్రకారం పాత పద్యమే కావాలని ఒకాయన అభ్యంతరం చెప్పారట. వెయ్యేళ్ళు ఆగితే ఇదే పాత పద్యం అవుతుందని నార్వే ఆయన జవాబిచ్చారట. ఫాంగ్ గారు అన్నీ చదివి మాకు చెబుతున్నారు గానీ మాటిమాటికీ ఫోన్ తెర పైకి కిందికి జరుపుతున్నారు. తావ్ నుంచి ఏమీ లేదు.

ఐలా పోసిన టీ చల్లారాక ఫోన్ వేరేలా మోగింది. ఫాంగ్ గారు తెర మీద పేరు చూసి, ఎత్తాలో వద్దో తెలియనట్టు మా మొహాలు చూశారు.

"ఎత్తండి" అన్నాను.

అవతలి నుంచి వచ్చిన మొదటి మాట గది అంతా వినపడింది. తర్వాత ఇద్దరూ ఒకేసారి నవ్వడం. ఆ మొదటి మాట ఏమిటో తర్వాత చెప్పారు: "ఆ గుంట నీదేనా? ఎప్పుడింత లావయ్యావు?" ఇంకాసేపటికి నవ్వులు ఆగాయి. ఫాంగ్ గారు వింటూ, ఊఁ కొడుతూ, కిటికీ వైపు తిరిగిపోయారు. ఫోన్ చేత్తో మూసి మాకు మెల్లగా చెప్పారు. తావ్‌కి రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ అయిందట. వేసవి నుంచి కిటికీ పక్క కుర్చీలోనే ఉంటోందట. వాళ్ళ పెరట్లో నిమ్మకాయలు తప్ప ఆకాశం నుంచి ఏదీ రాలదట.

"నేను పెట్టే మంచు అప్పుడే పడుతోందనుకుని చూస్తుందట. నిరుటిదని తెలిసేసరికి ఏడ్చిందట. కోపం అందుకు" అన్నారు.

అవతలి నుంచి తావ్ ఏదో అడిగింది. ఫాంగ్ గారు లేచి, చెప్పుల్లో కాళ్ళు కూడా దూర్చకుండా తలుపు తెరిచి, ఫోన్‌ని మంచు పడుతున్న చీకట్లోకి చాపారు. అది పడేటప్పుడు చప్పుడు ఉండదు గదా, ఆ లేని చప్పుడు వినాలని ఉందట తావ్‌కి. ఐలా చేతిలో కెటిల్ అలాగే ఉండిపోయింది.

కాసేపటికి ఫోన్‌లోంచి చిన్న మాట వినపడింది.

"ఏమన్నారు?" అని గుసగుసగా అడిగాను.

"ఇంకాసేపు అలాగే పట్టుకోమంటోంది."

ఫాంగ్ గారి చెయ్యి అప్పటికే చలికి ఎర్రబడిపోయింది. మావారు లేచి వెళ్ళి ఫోన్ మెల్లగా తన చేతిలోకి తీసుకున్నారు. ఆవిడని పొయ్యి దగ్గరికి పంపి, తను గుమ్మంలో నిలబడి చెయ్యి వీలైనంత దూరం చాపారు. ఒక్క మాట కూడా మాట్లాడలేదు.